కైకిలియుస్ తోటలో ఉన్నాడు: బళ్లో లాటిన్ ఎందుకు, ఎవరికి?

ఇంగ్లండ్‌లో లాటిన్ చెప్పే బడుల్లో చాలాచోట్ల మొదటి పాఠం ఒకటే. పదకొండు, పన్నెండేళ్ల పిల్లలు పుస్తకం తెరవగానే ఒక పెద్దమనిషి, ఆయన భార్య, కొడుకు, ఇద్దరు బానిసలు, ఒక కుక్క కనిపిస్తారు. ఎవరు ఎక్కడున్నారో చెప్పడమే పాఠం. 'కైకిలియుస్ ఎస్త్ ఇన్ హోర్తో.' కైకిలియుస్ తోటలో ఉన్నాడు. బానిస ఇంకో గదిలో, వంటవాడు వంటింట్లో, కుక్క వీధిలో. ఇంగ్లిష్‌వాళ్లు ఇలాంటి మాటల్లో 'స' అని పలికే C అక్షరాన్ని లాటిన్ క్లాసులో 'క' అనే పలుకుతారు. సీజర్ కూడా అక్కడ కైసర్ అయిపోతాడు.

ఈ కైకిలియుస్ కల్పించిన మనిషి కాదు. రోమన్ల కాలంలో ఇటలీలోని పోంపేయి ఊళ్లో వేలంపాటలు నడిపి, కొన్నవాడికి డబ్బు సర్ది, మధ్యలో తన కమిషన్ పట్టుకునే షావుకారు. 1875లో ఆయన ఇంట్లో మైనం పూసిన చెక్క పలకలు 150కి పైగా దొరికాయి. అన్నీ లెక్కలూ రసీదులే. వాటిలో అన్నిటికన్నా పాతది క్రీ.శ. 15 నాటిది, ఆ కుటుంబపు పెద్ద ఒకాయన కంచరగాడిదను 520 సెస్తెర్సులకు (రోమన్ నాణేలు) వేలం వేయించిన చీటీ. చివరి పలక మీద 62 జనవరి తేదీ ఉంది. ఆ మరుసటి నెలలోనే ఊరిని భూకంపం కుదిపేసింది. షావుకారు అందులో పోయి ఉంటాడని చరిత్రకారుల్లో చాలామంది అనుమానం. పాఠ్యపుస్తకం మాత్రం ఆయనకు ఇంకో పదిహేడేళ్ల ఆయుష్షు పోసి, 79లో పక్కనున్న వెసూవియస్ నిప్పుకొండ పేలినప్పుడు చంపుతుంది. పన్నెండో పాఠంలో ఇల్లు కూలిపోతుంది. కుక్క కెర్బెరుస్ మాత్రం యజమానిని వదలకుండా అక్కడే ఉండిపోతుంది. నేర్చుకున్న లాటిన్ అంతా మరిచిపోయినవాళ్లకు కూడా ఆ కుక్క గుర్తుంటుంది.

ఎవరూ మాట్లాడని భాషను నేర్పడానికి ఇంత కథ అల్లాల్సిన అవసరం ఎందుకు వచ్చింది? అంతకుముందు లాటిన్‌కు కథ అక్కర్లేదు కాబట్టి. అది గుమ్మం దగ్గర కూర్చున్న భాష. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాల్లో గణితం చదవాలన్నా, చరిత్ర చదవాలన్నా ముందు బడిలో లాటిన్ పరీక్ష గట్టెక్కి రావాలి. అందుకని పిల్లలు ఇష్టం ఉన్నా లేకపోయినా 'మెన్స, మెన్స, మెన్సమ్' అని బల్ల అనే మాటకు విభక్తులు వల్లె వేసేవాళ్లు. మన దగ్గర సంస్కృతం క్లాసులో 'రామః రామౌ రామాః' వినిపించినట్టే. 1960లో ఆ రెండు విశ్వవిద్యాలయాలూ నిబంధన ఎత్తేశాయి. తలుపు తెరిచేశాక కాపలావాడికి జీతం ఎవరిస్తారు? బడుల్లో లాటిన్ చదివేవాళ్లు తగ్గిపోతారని టీచర్లకు వెంటనే అర్థమైంది.

1966లో నఫీల్డ్ ఫౌండేషన్ డబ్బుతో కేంబ్రిడ్జ్‌లో ఒక ప్రాజెక్టు మొదలైంది. 1970లో దాని పాఠ్యక్రమం పుస్తకాలుగా రావడం మొదలైంది. కైకిలియుస్ కథ ఆ పుస్తకాల్లోదే. వాటి పద్ధతి పాతదానికి పూర్తిగా తలకిందులు. ముందు కథ చదవాలి, చదువుతుండగా మాటల చివర ఏదో మారుతోందని పిల్లవాడే గమనించాలి, ఆ మార్పుకు వ్యాకరణం పేరు తర్వాతెప్పుడో వస్తుంది. రెండో పుస్తకంలో కథ బ్రిటన్‌కూ, అలెగ్జాండ్రియాకూ వెళ్తుంది. మూడోదానికి ఇంగ్లండ్‌లోని బాత్ ఊరికి వస్తుంది. ఆ ఊళ్లో రోమన్లు కట్టిన వేడినీటి స్నానాల గుండాలు ఇప్పటికీ ఉన్నాయి. బడి పిల్లలను బస్సెక్కించి చూపించి తీసుకురావచ్చు. చదువుతున్న భాష తమ నేల మీద కూడా మాట్లాడారని వాళ్లకు తెలిసేది అక్కడే.

ఈ పద్ధతి మీద ఫిర్యాదు కూడా మొదటినుంచీ ఉంది. కథ అల్లుకుపోయాక పిల్లలు మాట మాటా చూడరు, ఊహించేస్తారు. 'కుక్క', 'వంటవాడు', 'కరిచింది' అనే మూడు మాటలు తెలిస్తే చాలు, ఎవరు ఎవరిని కరిచారో చూడక్కర్లేదు కదా! వంటవాడే కుక్కను కరిచాడని పరీక్షలో ఇచ్చినప్పుడు దొరికిపోతారు. అందుకే ఇప్పటికీ చాలామంది టీచర్లు కథ ఒకవైపు, విభక్తి పట్టికలు ఒకవైపు పెట్టుకుని రెండెడ్ల బండి తోలుతుంటారు. అది తప్పేమీ కాదు. బట్టీ లేకుండా ఏ భాషా రాదు, ఒట్టి బట్టీతో ఏ భాషా నిలవదు.

ఈ 'ఎవరు ఎవరిని' అన్న చిక్కు దగ్గర తెలుగు చదువరి కాస్త ఆగాలి. ఇంగ్లిష్ పిల్లలకు లాటిన్‌లో అన్నిటికన్నా కష్టమైన మెట్టు ఇదే, తెలుగు ఇంట్లో పెరిగినవాళ్లకు ఇది అసలు మెట్టే కాదు. 'సెర్వుస్ దొమినుమ్ విదెత్' అంటే బానిస యజమానిని చూస్తున్నాడు. మాటలను తారుమారు చేసి 'దొమినుమ్ సెర్వుస్ విదెత్' అన్నా చూస్తున్నది బానిసే. దొమినుమ్ చివర ఉన్న 'మ్' మన 'ని' చేసే పనే చేస్తోంది. 'యజమానిని బానిస చూస్తున్నాడు' అంటే తెలుగువాడు ఎవడూ తికమకపడడు. ఇంగ్లిష్‌లో మాటల వరస మారితే అర్థమే తిరగబడుతుంది. వాక్యంలో ముందొచ్చినవాడే పని చేసేవాడు అన్న అలవాటు అక్కడి పిల్లల్లో ఎంత గట్టిగా నాటుకుపోయి ఉంటుందంటే, దాన్ని వదిలించడానికే టీచర్‌కు వారాలు పడుతుంది.

పోలిక అక్కడితో ఆగదు. లాటిన్ వాక్యంలో క్రియ మామూలుగా చివరికే వస్తుంది. 'పోర్తో, పోర్తాస్, పోర్తత్': మోస్తాను, మోస్తావు, మోస్తాడు. నేను, నువ్వు అని విడిగా చెప్పక్కర్లేదు, క్రియే చెబుతుంది. (పోర్తత్ అంటే మోస్తాడో మోస్తుందో మాత్రం తేలదు. మన క్రియ ఆ మాటా చెప్పేస్తుంది.) ప్రశ్న అడగాలంటే ముందు మాట చివర 'నె' తగిలిస్తారు. 'వేనిత్' అంటే వచ్చాడు, 'వేనిత్‌నె?' అంటే వచ్చాడా? 'మరియు' అనే బరువైన మాట లేకుండా రెండో మాట చివర 'క్వె' చేరిస్తే చాలు. రోమన్ జెండాల మీద, ఇప్పటికీ రోమ్ నగరంలో మ్యాన్‌హోల్ మూతల మీద కనిపించే SPQR అనే నాలుగు అక్షరాల ముద్రకు పూర్తి రూపం 'సెనాతుస్ పొపులుస్‌క్వె రోమానుస్'. తెలుగులో చెబితే సెనేటూ, రోమన్ ప్రజలూ. ఇక 'మేకుమ్' అంటే నాతో, 'తేకుమ్' నీతో, 'నోబిస్కుమ్' మాతో. 'తో' మన లాగే వెనకే వస్తుంది. మాతో అన్నారా, మనతో అన్నారా అన్న తేడా లాటిన్‌కు లేదు. ఆ సొగసు మనది.

ఇది చుట్టరికం అనుకుంటే పొరపాటు. లాటిన్‌కు చుట్టం సంస్కృతం. ఆ సంగతిని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ గట్టిగా చెప్పాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో వాదించాడు, అదీ ఒక తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో. కాబట్టి పైన చూసిన వాక్యాల పోలిక కాకతాళీయం. మాటల పోలిక మాత్రం నిజమైన చుట్టరికమే, సంస్కృతం ద్వారా మనకు అందింది. ఇగ్నిస్ అంటే అగ్ని, నోమెన్ అంటే నామం, యువెనిస్ అంటే యువకుడు, విదువ అంటే విధవ. సెప్తెమ్, నొవెమ్ అని లెక్కపెడుతుంటే సప్త, నవ వినిపిస్తాయి.

అలాగని తెలుగు వచ్చినవాళ్లకు లాటిన్ నల్లేరు మీద నడకేమీ కాదు. మన 'మంచి' ఎవరి పక్కన నిలబడినా 'మంచి'గానే ఉంటుంది: మంచి పిల్ల, మంచి పిల్లను, మంచి పిల్లల. లాటిన్‌లో పిల్ల మారితే మంచీ మారాలి: బొన పుఎల్ల, బొనమ్ పుఎల్లమ్, బొనారుమ్ పుఎల్లారుమ్. మన 'ని', 'ను' ఏ మాటకైనా సరిపోతాయి. లాటిన్ నామవాచకాలు ఐదు గుంపులు, గుంపుకో పట్టిక. అక్కడ సంస్కృతం చదివినవాడికే ఊరట. అయినా లండన్‌లోనో డాలస్‌లోనో లాటిన్ క్లాసులో కూర్చున్న తెలుగు పిల్లకు, ఈ వాక్యం నడక నీ ఇంట్లో రోజూ వినిపించేదే అని చెప్పేవాళ్లు ఉండరు. ఇంగ్లిష్‌ నుంచి దూకి లాటిన్‌ను అందుకోమంటారు. పక్కనే నిచ్చెన ఉందని ఆ టీచర్‌కు తెలియదు, చాలాసార్లు అమ్మానాన్నలకూ తోచదు.

లాటిన్ ఎందుకు చదవాలి అంటే సాధారణంగా చెప్పే కారణాలు రెండు: బుర్ర పదునెక్కుతుంది, మిగతా భాషలూ మెడిసిన్ పదాలూ తేలికవుతాయి. మొదటిదాన్ని అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1924లోనే పరీక్షించాడు. హైస్కూలు పిల్లలు వేలమందిని చూశాక, లాటిన్ చదవడం వల్ల ఆలోచనాశక్తి మిగతా సబ్జెక్టులకన్నా ప్రత్యేకంగా పెరిగినట్టు ఆయనకు కనిపించలేదు. తెలివైన పిల్లలు లాటిన్ తీసుకుంటున్నారే తప్ప లాటిన్ వాళ్లను తెలివైనవాళ్లను చేయడం లేదు. 2003లో జర్మనీ విద్యార్థుల మీద లుడ్విగ్ హాగ్, ఎల్స్‌బెత్ స్టెర్న్ రెండో వాదాన్ని చూశారు. బడిలో లాటిన్ చదివినవాళ్లు, ఫ్రెంచ్ చదివినవాళ్లు కొత్తగా స్పానిష్ నేర్చుకుంటే ఎవరు ముందుంటారు? ఫ్రెంచ్ చదివినవాళ్లే. అది చిన్న అధ్యయనమే, కానీ ఫలితంలో ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు. స్పానిష్ కోసమే అయితే ముందు దాని అమ్మమ్మను పలకరించి రావడం ఎందుకు?

మెడిసిన్ పదాల సంగతీ అంతే. 'మస్కులుస్' అంటే చిన్న ఎలుక. చర్మం కింద ఎలుక కదిలినట్టుందని కండకు ఆ పేరు వచ్చింది. మోకాటి చిప్ప 'పటెల్లా' అంటే చిన్న పళ్లెం, కాలి ఎముక 'టిబియా' అంటే పిల్లనగ్రోవి, వ్యాక్సిన్ అన్న మాటలో ఆవు ఉంది. నీట్‌కు చదివే పిల్లలకు ఒక పూట చెబితే సరదాగా గుర్తుండిపోతాయి. దానికోసం నాలుగేళ్ల సబ్జెక్టు అక్కర్లేదు.

లాటిన్ పాఠం వల్ల నిజంగా దక్కేది వేరే ఉంది. ఒక పాత సమాజాన్ని దాని సొంత మాటల్లో, నత్తనడకన చదవడం. పదహారేళ్లకు రాసే జీసీఎస్‌ఈ పరీక్షకు తెలియాల్సిన మాటలు నాలుగొందల పైచిలుకు. అంత చిన్న మూటతోనే పిల్లలు అసలు రోమన్ గద్యం, పద్యం కొంత చదువుతారు. అంత నెమ్మదిగా చదివేటప్పుడు ఏ మాటా జారిపోదు. 'సెర్వుస్' అన్న మాటే తీసుకోండి. అనువాదంలో పనివాడు అని రాసి దాటేయవచ్చు. లాటిన్‌లో అది మనిషిని కొని అమ్మే వ్యవస్థ పేరు, మొదటి వారంలోనే ఎదురవుతుంది. కైకిలియుస్ పలకల్లో కంచరగాడిదతో పాటు బానిసను అమ్మిన లెక్క కూడా ఉంది.

ఇక్కడే కేంబ్రిడ్జ్ పుస్తకాలు చాలాకాలం మాట పడ్డాయి. పాత కూర్పుల్లో బానిసలు హుషారుగా తిరుగుతారు, వంటవాడు జోకులు వేస్తాడు, యజమాని మంచివాడు. మన పాత సినిమాల్లో జమీందారుగారి నమ్మినబంటు ఎలా ఉంటాడో అలాగే. ఆడవాళ్లకు చేయడానికి పెద్దగా పనే ఉండేది కాదు. 2022లో ఇంగ్లండ్‌లో వచ్చిన ఐదో కూర్పులో షావుకారుకు లూకియా అనే కూతురు వచ్చి చేరింది, బానిసల బతుకు వాళ్ల వైపు నుంచి కాస్త కనిపిస్తుంది. పుస్తకాన్ని పాడుచేశారని కొందరు గోల చేశారు గానీ, పోంపేయి తవ్వకాలు చూసినవాళ్లకు ఆ గోల వింతగా ఉంటుంది. ఊళ్లో బయటపడిన బానిసల గదులు కిటికీ సరిగా లేని కొట్లు. జోకుల వంటవాడే అసలు కల్పన.

తవ్వకాలు సాగుతున్నకొద్దీ పాఠం కూడా మారుతోంది. వెసూవియస్ పేలిన రోజు ఆగస్టు 24 అని తరతరాలుగా చెప్పారు. 2018లో ఒక ఇంటి గోడ మీద బొగ్గుతో గీసిన రాత బయటపడింది. దాని తేదీ మన లెక్కలో అక్టోబరు 17. అంటే అప్పటికింకా ఊరు బతికే ఉందన్నమాట. బొగ్గు రాత ఏళ్ల తరబడి నిలవదు కాబట్టి అది ఆ ఏడాదిదే అయి ఉండాలని వాదన. రెండేళ్లు లాటిన్ చదివిన పిల్ల ఆ తేదీని స్వయంగా చదివి, రోమన్ల వెనక్కి లెక్కపెట్టే పద్ధతిలో విప్పగలదు. చరిత్ర పుస్తకం చెప్పిందాన్ని ఒక గోడ కాదంటుంటే చూడటం పద్నాలుగేళ్ల వయసులో చిన్న అనుభవం కాదు.

కానీ ఆ అనుభవం ఎవరికి దక్కుతోంది? 2020లో బ్రిటిష్ కౌన్సిల్ లెక్క ప్రకారం పదకొండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు లాటిన్ చెప్పే ప్రభుత్వ బడులు 2.7 శాతం. ఫీజులు కట్టే ప్రైవేటు బడులు 49 శాతం. విశ్వవిద్యాలయం గుమ్మం దగ్గరి కాపలా 1960లోనే పోయినా, బడి గుమ్మం దగ్గరిది అలాగే ఉందన్నమాట. 2021 జులైలో, ఆక్స్‌ఫర్డ్‌లో గ్రీకు లాటిన్‌లే చదువుకున్న బోరిస్ జాన్సన్ ప్రధానిగా ఉండగా, 40 ప్రభుత్వ బడుల్లో లాటిన్ పెట్టడానికి 40 లక్షల పౌండ్లు ప్రకటించారు. 2022 సెప్టెంబరులో క్లాసులు మొదలయ్యాయి. 2024 డిసెంబరులో కొత్త ప్రభుత్వం డబ్బు ఆపేస్తున్నామంది. ఆపిన నెల 2025 ఫిబ్రవరి. విద్యాసంవత్సరం సెప్టెంబరు నుంచి జులై దాకా నడిచే దేశంలో ఫిబ్రవరి అంటే నట్టనడుమ. సగం కోర్సు చదివి పరీక్షకు సిద్ధమవుతున్నవాళ్ల టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఖజానాలో డబ్బు లేదన్న కారణాన్ని కొట్టిపారేయలేం. లాటిన్‌కన్నా ముందు గణితం టీచర్లు కావాలి అన్న వాదనా సబబే. కానీ భాష చదువుకు ఒక గుణం ఉంది. రోడ్డు సగం వేసి ఆపితే ఆ సగం మీదైనా నడవొచ్చు. భాషను సగంలో ఆపితే విభక్తులు మాత్రం మిగులుతాయి, కథ మిగలదు. ఒక బడిలో లాటిన్ బతికేది సాధారణంగా ఒక్క టీచర్ మీద. ఆ ఒక్కరూ వెళ్లిపోతే సబ్జెక్టే పోతుంది. ప్రైవేటు బడి ఇంకొకరిని వెతుక్కుంటుంది, ప్రభుత్వ బడి ఆ గంట వేరే సబ్జెక్టుకు ఇచ్చేస్తుంది.

మన ఇంటర్మీడియట్‌లో సంస్కృతం దీనికి ఎదురు కథ. అక్కడ విద్యార్థులకు కొదవ లేదు. సెకండ్ లాంగ్వేజ్‌గా తీసుకుంటే మార్కులు బాగా పడతాయని కాలేజీలే చేర్పిస్తాయి. రెండేళ్లయ్యాక చాలామందికి మార్కుల మెమో మిగులుతుంది, శ్లోకం మిగలదు. 1960కి ముందు ఇంగ్లండ్‌లో లాటిన్ దశ సరిగ్గా ఇదే. గుమ్మం దాటడానికి పనికొచ్చినంతకాలం భాషకు జనం ఉంటారు, ప్రేమ ఉండాలన్న పట్టింపు లేదు.

ఇటలీలో లాటిన్ ఇంటి భాషకు తాత కాబట్టి లెక్క వేరు. అక్కడ క్లాసికల్ లైసియం అనే హైస్కూళ్లలో ఐదేళ్లూ లాటిన్, గ్రీకు చదువుతారు. అమెరికాలో తెలుగు పిల్లలకు హైస్కూల్లోని ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కోర్సులు తెలిసినవే. వాటిలో లాటిన్ కూడా ఒకటి. 2025-26 నుంచి అందులో సీజర్ యుద్ధాల స్థానంలో రోమన్ రచయిత చిన్న ప్లినీ ఉత్తరాలు వచ్చాయి. వెసూవియస్ పేలినప్పుడు అతనికి పదిహేడేళ్లు, అంటే చదివే పిల్లల వయసే. నిప్పుకొండ మీద మబ్బు గొడుగులా విచ్చుకున్న చెట్టు ఆకారంలో లేవడం, సాయానికి ఓడల్లో వెళ్లిన మేనమామ తిరిగి రాకపోవడం ఆ ఉత్తరాల్లో ఉన్నాయి.

ఆ మేనమామ పెద్ద ప్లినీ. మిసేనుమ్ రేవులో నౌకాదళానికి అధిపతి, ప్రపంచంలో ఉన్నవన్నీ ఒక్క గ్రంథంలో పెట్టాలని కూర్చున్నవాడు. మిరియాలు, ముత్యాలు, పట్టు కొని రోమన్ డబ్బంతా తూర్పుకు పోతోందని అందులో వాపోయాడు. భారతదేశం ఒక్కదానికే ఏటా ఐదు కోట్ల సెస్తెర్సులు అని ఆయన లెక్క. కైకిలియుస్ కుటుంబం అమ్మించిన కంచరగాడిదలైతే దాదాపు లక్ష వస్తాయి. ఆ డబ్బు కొంత ఎక్కడ తేలిందో మనకు తెలుసు. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో, కృష్ణా తీరంలో రోమన్ నాణేలు దొరికాయి. ఇటునుంచి వెళ్లిన సరుకూ అక్కడ దొరికింది. 1938లో పోంపేయిలోని ఒక ఇంట్లో జానెడు పైచిలుకు ఎత్తున్న దంతపు స్త్రీ బొమ్మ బయటపడింది. ఒంటినిండా మన శిల్పాల్లోని నగలే, దక్కనులో చెక్కారని పలువురి అంచనా. ఇప్పుడది నేపుల్స్ మ్యూజియంలో ఉంది.

అదే గ్రంథం ఆరో భాగంలో భారతదేశపు జాతులను వరసగా చెబుతూ ప్లినీ ఒకచోట 'వలిదియొర్ దెఇందె గెన్స్ అందరై' అంటాడు. తర్వాత ఇంకా బలమైన జాతి, ఆంధ్రులు. ఊళ్లు లెక్కలేనన్ని, కోట ఉన్న పట్టణాలు 30, రాజుకు లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు. ఆయన ఇటు రాలేదు, పాత గ్రీకు రాతల్లోంచి ఎత్తి రాసినదే కావచ్చు. ఆ పట్టణాలకు రక్షణ ఏమిటో చెప్పే చోట రెండు మాటలున్నాయి: 'మూరీస్ తుర్రిబుస్‌క్వె'. చివర ఉన్నది ఆ 'క్వె'నే. గోడలతోనూ, బురుజులతోనూ.